మెరుపుతో తీసిన బొమ్మలు

పిల్లలూ, బొంగరం మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. చుక్క మాయమై, దాని చోట ఒక తెల్లని వలయం కనిపిస్తుంది. చుక్క ఎక్కడికీ పోలేదు. అది పరిగెత్తినంత వేగంగా మన కన్ను పరిగెత్తలేదు గనుక, అది తిరిగిన చోట్లన్నిటినీ కలిపి మనకు గీతలాగా చూపిస్తుంది.

ఇప్పుడు ఒక వానాకాలపు రాత్రిని తలుచుకోండి. కరెంటు పోయింది. పెరట్లో కొబ్బరిచెట్టు గాలికి ఊగిపోతున్నది. ఉన్నట్టుండి ఒక మెరుపు మెరిసింది. ఆ మెరుపులో కొబ్బరాకులు ఎలా కనిపించాయి? ఎవరో బొమ్మ గీసిపెట్టినట్టు, ఎక్కడివక్కడే నిలిచిపోయి కనిపించాయి. చూరునుంచి జారే నీటిచుక్కలు కూడా దారం తెగిన పూసల్లాగా గాలిలో ఆగి ఉన్నాయి. గాలీ ఆగలేదు, వానా ఆగలేదు. మెరుపు ఉన్న ఆ కాస్త వ్యవధిలో కదలటానికి వాటికి తీరిక చిక్కలేదు, అంతే.

ఈ నెల నేను చెప్పబోయే సంగతంతా ఈ మెరుపులోనే ఉన్నది. ఎంత వేగంగా కదిలే వస్తువునైనా చూడవచ్చు. అంతకంటె పొట్టి మెరుపు ఒకటి మన చేతిలో ఉండాలి.

వేగంగా కదిలేవాటికి బొమ్మలు తియ్యటంలో పేరుపొందినది గుర్రం కథ. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడుస్తాయా, విడవవా అని ఒకప్పుడు పెద్ద వాదం ఉండేది. చిత్రకారులేమో ముందుకాళ్ళు ముందుకూ, వెనకకాళ్ళు వెనక్కూ బార్లా చాపి గాలిలో ఎగిరే గుర్రాలను గీసేవాళ్ళు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు బాట పక్కన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, బాటకు అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం ఒక్కొక్క దారాన్నే తెంపుకుంటూ పోతుంటే ఒక్కొక్క కెమెరా ఫొటో తీసింది. చూడగా, నాలుగు కాళ్ళూ నేల విడిచే మాట నిజమే. అయితే అవి బార్లా చాపుకుని ఉన్నప్పుడు కాదు, కడుపు కిందికి ముడుచుకుని ఉన్నప్పుడు! అన్ని వందల సంవత్సరాలుగా బొమ్మలు గీసినవాళ్ళంతా పొరబడ్డారన్నమాట.

గుర్రం సంగతి తేలింది. కాని గుర్రం కంటె ఎన్నో రెట్లు చురుకైనవి ఉన్నాయి. అవి అణువులు. అగ్గిపుల్ల గీసినప్పుడూ, ఆకు మీద ఎండ పడినప్పుడూ అణువులలోని పరమాణువులు ఒకదాని చెయ్యి వదిలి ఇంకొకదాని చెయ్యి పట్టుకుంటాయి. మీ అన్నయ్యో అక్కయ్యో చదివే రసాయనశాస్త్రం పుస్తకం తెరిచి చూడండి. ఎడమవైపు కొన్ని అక్షరాలు, కుడివైపు కొన్ని అక్షరాలు, మధ్య ఒక బాణం గుర్తు ఉంటాయి. ఎడమవైపువి పోయి కుడివైపువి వచ్చాయని దాని అర్థం. మరి ఆ బాణం గుర్తు దగ్గర ఏం జరిగింది? చాలాకాలం దాన్ని చూసినవాళ్ళు లేరు. చూడటం మనిషికి సాధ్యమవుతుందని అనుకున్నవాళ్ళూ తక్కువే.

రెండో ప్రపంచయుద్ధం జరిగే రోజుల్లో ఇంగ్లండు నౌకాదళంలో జార్జ్ పోర్టర్ అనే యువకుడు రాడారు పని చూసేవాడు. రాడారు రేడియో తరంగాలను ఎడతెరిపి లేకుండా పంపదు. ఒక్క విసురు విసిరి, కాస్త ఆగి, మళ్ళీ విసురుతుంది. యుద్ధం ముగిశాక పోర్టర్ కేంబ్రిడ్జిలో నారిష్ అనే ఆచార్యుడి దగ్గర చేరి, ఈ విసురు పద్ధతినే వెలుతురుతో చేశాడు. ఒక గొట్టంలో వాయువు నింపి, పక్కన ఒక పెద్ద దీపాన్ని చటుక్కున వెలిగించి ఆర్పారు. ఆ దెబ్బకు వాయువులోని అణువులు విరిగాయి. అవి మళ్ళీ సర్దుకునే లోపల రెండో దీపం వెలిగించారు. ఆ వెలుతురులో విరిగిన ముక్కలు తమ జాడ తెలిపాయి. మొదటి మెరుపు కొట్టేది, రెండో మెరుపు చూసేది. 1949లో లోకానికి తెలిసిన ఈ ఉపాయానికి 1967లో వాళ్ళిద్దరికీ, జర్మనీ దేశస్థుడైన ఐగెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి యంత్రాలన్నీ ఈ జంటమెరుపుల మీదనే నడుస్తున్నాయి.

అయితే దీపం ఎంత త్వరగా వెలిగి ఆరినా దానికొక హద్దు ఉన్నది. పోర్టర్ దీపాలు సెకండులో వెయ్యోవంతు మొదలుకొని లక్షలవంతు దాకా వెళ్ళగలిగాయి. అణువులకు ఆ కాలం ఒక యుగమంత! ఇంకా పొట్టి మెరుపు కావాలంటే లేసర్ రావలసివచ్చింది. 1960 మే 16న అమెరికాలో మైమన్ అనే ఆయన వేలెడంతైనా లేని కృత్రిమ కెంపుకడ్డీతో మొదటి లేసర్‌ను వెలిగించాడు. ఆ తరవాత పాతిక ముప్ఫై ఏళ్ళలో లేసర్ మెరుపులు పొట్టివై, పొట్టివై, ఫెంటోసెకండ్లలోకి దిగాయి.

ఫెంటోసెకండు అంటే ఎంతో చెప్పటం తేలికే గాని ఊహించటం కష్టం. ఒక సెకండులో పదికోట్ల కోట్ల ఫెంటోసెకండ్లు ఉన్నాయి. ఇంకోలా చెబుతాను. ఫెంటోసెకండును సాగదీసి ఒక సెకండు చేశామనుకోండి. అప్పుడు మన మామూలు సెకండు మూడుకోట్ల పదిహేడులక్షల సంవత్సరాలు సాగుతుంది.

ఇంత పొట్టి మెరుపులతో అణువుల ఆట చూసినవాడు అహ్మద్ జువైల్. ఈయనది ఈజిప్టు దేశం. చిన్నప్పుడు వాళ్ళమ్మ కాఫీ కాచుకునే నూనె స్టవ్వు తీసుకుని, గాజుగొట్టంలో చెక్కపేళ్ళు వేసి కాల్చి, అవి వాయువుగా, ద్రవంగా మారటం పడకగదిలో కూర్చుని చూశాడట. ఇల్లు తగలబడకపోవటం అదృష్టమని ఆయనే తరవాత రాసుకున్నాడు. (మీరు మాత్రం ఈ పని చెయ్యకండి. చెయ్యాలనుకుంటే బళ్ళో సైన్సు మాస్టారి ఎదుట చెయ్యండి.) ఈ పిల్లవాడు పెద్దవాడై అమెరికా వెళ్ళి, 1987లో అయొడిన్ సయనైడు అనే అణువును ఒక మెరుపుతో విరగ్గొట్టి, ఇంకో రంగు మెరుపుతో దాని ముక్కలు విడిపోవటం చూశాడు. విడిపోవటానికి పట్టిన కాలం ఇంచుమించు 200 ఫెంటోసెకండ్లు. బాణం గుర్తు దగ్గర జరిగేది మొదటిసారిగా కంటపడింది. 1999లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వెయ్యాలి. 200 ఫెంటోసెకండ్లని ఏ గడియారంలో చూశారు? నిజమే, అటువంటి గడియారం లేదు. ఎంత మంచి ఎలక్ట్రానిక్ పరికరమైనా అంత కాలాన్ని నేరుగా కొలవలేదు. అందుచేత కాలాన్ని కొలవటం మానేసి దూరాన్ని కొలిచారు!

బడి వదలగానే ఇద్దరు కుర్రాళ్ళు ఒకేసారి, ఒకే వేగంతో ఇంటికి బయలుదేరారనుకోండి. ఒకడు తిన్నగా వచ్చాడు, ఇంకొకడు చెరువుగట్టు చుట్టూ వచ్చాడు. రెండోవాడు ఎంత ఆలస్యంగా వచ్చాడో తెలుసుకోవటానికి గడియారం అక్కర్లేదు. వాడు ఎంత దూరం ఎక్కువ నడిచాడో తెలిస్తే చాలు. కాంతి కూడా ఎప్పుడూ ఒకే వేగంతో, సెకండుకు మూడులక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి ఒక మెరుపును రెండుగా చీల్చి, ఒకదాన్ని తిన్నగానూ, రెండోదాన్ని అద్దాల మీదుగా కాస్త చుట్టుదారినీ పంపుతారు. చుట్టుదారి ఒక మిల్లీమీటరులో మూడువందలవంతు పొడుగైతే, రెండో మెరుపు పది పన్నెండు ఫెంటోసెకండ్లు ఆలస్యంగా వస్తుంది. అద్దాన్ని మరనట్టుతో కొంచెం కొంచెం వెనక్కు జరుపుతూ పోతే, ఆలస్యం కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉన్నది. ఒక్కసారి కొట్టి ఒక్కసారి చూస్తే ఒక్క బొమ్మే వస్తుంది. కదలిక తెలియాలంటే వరసగా చాలా బొమ్మలు కావాలి. ఒక వీధినాటకాన్ని వెయ్యిసార్లు ఆడించి, మొదటిసారి ఆరంభంలో ఒక ఫొటో, రెండోసారి ఒక్క క్షణం తరవాత ఇంకో ఫొటో, ఇలా తీసి అన్నిటినీ వరసగా పేర్చామనుకోండి. నాటకమంతా చూసినట్టే. అణువులు కోట్లాది ఉన్నాయి, అన్నీ ఒకే నాటకం ఆడతాయి. ఆ విషయంలో మనుషులకంటె అవే నయం.

ఇదంతా ఎందుకు, ఎవరికి కావాలి అంటారేమో. మీకే కావాలి. మీరు ఈ పేజీ చదువుతున్నారు గదా, ఈ క్షణాన మీ కంటిలో ఈ నాటకమే జరుగుతున్నది.

కంటి వెనకపొరలో మసకచీకట్లో చూడటానికి పనికివచ్చే కణాలు ఒక్కొక్క కంటికి సుమారు పదికోట్లు ఉన్నాయి. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం ఉన్నది. రొడాప్సిన్ గర్భంలో రెటినాల్ అనే చిన్న అణువు నడుం వంచుకుని కూర్చుని ఉంటుంది. దాని మీద వెలుతురు పడగానే అది నడుం తిప్పి నిటారుగా సాగుతుంది. ఇంత చిన్న కదలికే చూపు అనేదానికి మొదటి మెట్టు. దీపం చూసినా, అమ్మ మొహం చూసినా మొదట జరిగేది ఇదే. ఆ తరవాతనే నరాలకు వార్త పోతుంది.

ఈ కదలికకు ఎంతసేపు పడుతుందో 1991లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొలిచారు. ఆవుకళ్ళ నుంచి తీసిన రొడాప్సిన్ మీద ఒక ఆకుపచ్చ మెరుపు విసిరి, వెంటనే ఇంకో మెరుపుతో చూశారు. 200 ఫెంటోసెకండ్లలో అంతా అయిపోయింది! ఆ వ్యవధిలో కాంతి కూడా మన తలవెంట్రుక మందమంత దూరమే పోగలదు. రెప్పపాటును సెకండులో అయిదోవంతు అనుకుంటే, ఒక్క రెప్పపాటులో రెటినాల్ వంటి అణువు లక్షకోట్లసార్లు నడుం తిప్పవచ్చు.

ఆ తొందర ఊరికే కాదు. వెలుతురు ఇచ్చిన శక్తి అణువులో ఎంతోసేపు నిలవదు. అణువు ఆలస్యం చేస్తే ఆ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది, కంటికి వార్త అందదు. రెటినాల్ ఇంత చురుకుగా ఉండటంవల్ల అది మింగిన ప్రతి మూడు వెలుతురు రేణువులలోనూ రెండు పనికివస్తున్నాయి. అమావాస్య రాత్రి మినుకుమినుకుమనే చుక్కను మీరు చూడగలగటానికి ఇది కూడా ఒక కారణం. ఈ రెటినాల్‌ను శరీరం ఏ విటమిన్‌తో చేసుకుంటుంది. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. మునగాకు కూర చేసిననాడు కంచం పక్కకు నెట్టే పిల్లలు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. (పెద్దలు ఈ వాక్యాన్ని పైకి చదివి వినిపించవచ్చు.)

ఇప్పుడు రంగుల సంగతి. ఒక్క రంగు లేసర్‌తో ఈ పని సరిగా కాదు. ఎందుకంటే, ఒక్కొక్క అణువు ఒక్కొక్క రంగు వెలుతురును మింగుతుంది. రంగులన్నీ ఉన్న తెల్లని వెలుతురు పంపి, అవతలివైపు ఏ రంగు తక్కువైందో చూస్తే, లోపల ఎవరున్నారో తెలుస్తుంది. బళ్ళో హాజరు పిలిచి ఎవరు రాలేదో తెలుసుకున్నట్టు. వంగిన రెటినాల్ మింగే రంగు వేరు, సాగిన రెటినాల్ మింగే రంగు వేరు, మధ్యదారిలో ఉన్నప్పుడు దాని గుర్తులు మన కంటికి ఆనని పరారుణ రంగుల్లో ఉంటాయి. 2010లో ఇటలీలోని మిలాన్‌లో శాస్త్రజ్ఞులు ఆ పరారుణ రంగుల్లో కూడా చూసిన మీదటనే, రెటినాల్ దారి మధ్యలో మలుపు తిరిగే చోటు స్పష్టమయింది. ఆ మలుపు వెలుతురు పడిన సుమారు 80 ఫెంటోసెకండ్లకు వస్తుంది. కొట్టటానికి ఒక రంగూ, చూడటానికి కొన్ని రంగులూ కావాలి. పైగా అన్ని రంగులూ ఒకే తాళానికి నడవాలి.

ఒక రంగునుంచి ఇంకో రంగు ఎలా పుడుతుంది? 1961లో అమెరికాలోని మిషిగన్‌లో ఫ్రాంకెన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ కెంపు లేసర్ ఎర్రకాంతిని ఒక పలుగురాయి స్ఫటికం గుండా పంపారు. అవతలివైపు ఎరుపుతోపాటు రవ్వంత అతినీలలోహిత కాంతి కూడా వచ్చింది. దాని ఫొటోను పత్రికకు పంపారు. ఫొటోలో ఆ కాంతి ఒక చిన్న చుక్కగా పడింది. పత్రికవాళ్ళు ఆ చుక్కను మరక అనుకుని తుడిచేశారని చెబుతారు! అచ్చయిన కాగితంలో చుక్కను చూపే బాణం గుర్తు ఉన్నది, చుక్క మాత్రం లేదు.

2000 నాటికి ఇంకా చిత్రమైనది వచ్చింది. పొడుగునా సన్నని గాలిరంధ్రాలుండే గాజుపోగులను తయారుచేశారు. ముప్పాతిక మీటరు పోగులోకి ఒక లేసర్ మెరుపును పంపితే, రెండో కొసనుంచి ఊదా మొదలు పరారుణం దాకా రంగులన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. ఇంద్రధనుస్సును ఒక దారంలోనుంచి లాగినట్టు! ఈ రంగులన్నిటికీ తల్లి ఒక్కటే మెరుపు గనుక అవి ఒకదానితో ఒకటి తాళం తప్పవు.

గాజుపోగువల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఇటువంటి లేసర్లకు మొదట్లో ఒక గది నిండా సరంజామా ఉండేది. అడుగుపెడితే అదరకుండా గాలిదిండ్ల మీద నిలబెట్టిన పెద్ద ఇనపబల్ల, దాని మీద పదులకొద్దీ అద్దాలు, లేసర్ వేడెక్కకుండా చుట్టూ తిరిగే చన్నీళ్ళు ఉండేవి. గదిలో వేడి కాస్త మారినా అద్దాల గురి తప్పేది. పొద్దున వచ్చిన విద్యార్థికి అద్దాలు సరిచేసేసరికి మధ్యాహ్నమయ్యేది. ఇప్పుడు ఇటర్బియం, ఎర్బియం వంటి లోహాలు కొద్దిగా కలిపిన గాజుపోగులోనే లేసర్ పుడుతుంది. కాంతి పోగులోపలే నడుస్తుంది గనుక దారి తప్పే భయం తక్కువ. మీటర్లకొద్దీ పోగును దారపు ఉండలాగా చుట్టి హార్మోనియం పెట్టె అంత పెట్టెలో అమర్చవచ్చు.

కొన్నిటిలో అద్దం జరిపే మరనట్టు కూడా తీసేశారు. రెండు గుళ్ళలో రెండు గంటలు మోగుతున్నాయనుకోండి. ఒకటి సరిగా పది సెకండ్లకొకసారి, రెండోది పది సెకండ్ల పైన రవ్వంత ఎక్కువకు మోగుతుంది. మొదట రెండూ కలిసి మోగుతాయి. తరవాత రెండోది ప్రతిసారీ ఇంకొంచెం వెనకబడుతుంది. రెండు లేసర్ల మెరుపులను అలాగే రవ్వంత తేడాతో నడిపిస్తే ఆలస్యం దానంతటదే పెరుగుతూ పోతుంది, ఎవరూ ఏదీ జరపనక్కర్లేదు.

నాకు మెరుపు పొట్టిదవటం కంటె పెట్టె చిన్నదవటమే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది. ఎందుకంటే, లేసర్ గదిలో ఉన్నవాళ్ళు వేరు, ప్రశ్నలున్నవాళ్ళు వేరు. ఎండనుంచి కరెంటు తీసే పలకలు ఎక్కడ శక్తిని పోగొట్టుకుంటున్నాయో చూడాలనుకునేవాడూ, ఆకు వెలుతురును పట్టుకునే తీరు చూడాలనుకునేవాడూ, ఎండలోని అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు మన కణాల్లోని డి.ఎన్.ఎ. ఆ శక్తిని ఒక్క త్రుటిలో వేడిగా విదిలించుకుని ఎలా తప్పించుకుంటున్నదో చూడాలనుకునేవాడూ అందరూ లేసర్ పండితులు కారు. పెట్టె చిన్నదై, మీట నొక్కితే పనిచేసేదైతే, అది వాళ్ళ బల్ల మీదికే వస్తుంది.

ఫెంటోసెకండుతో కథ ముగియలేదు. దానిలో వెయ్యోవంతును అట్టోసెకండు అంటారు. అట్టోసెకండ్ల మెరుపులు పుట్టించి ఎలక్ట్రాన్ల కదలికలు చూసే దారి వేసినందుకు 2023లో అగోస్తీని, క్రౌస్, ఆన్ లుయిలియే అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం.

ఈ లోపల మీరు ఇంట్లో ఒక పని చెయ్యండి. గట్టి అట్టను చిన్న పళ్ళెమంత గుండ్రంగా కత్తిరించి, అంచు దగ్గర ఒకచోట సన్నని చీలిక పెట్టండి. మధ్యలో గుండుసూది గుచ్చి, సూదిని పెన్సిలు వెనక రబ్బరుకు గుచ్చండి. పగటిపూట పంకా తిరుగుతుండగా దూరాన నిలబడి, ఒక కన్ను మూసి, అట్టను గిర్రున తిప్పి, చీలిక కంటి ముందు నుంచి పోయేలా పట్టుకుని పంకా వంక చూడండి. అట్ట వేగం తగ్గుతూ వచ్చేటప్పుడు ఒక చోట పంకా రెక్కలు ఆగిపోయినట్టు కనిపిస్తాయి, దానికి కాస్త ముందు వెనక్కు తిరుగుతున్నట్టు కూడా కనిపించవచ్చు. చీలిక ఎంత సన్నగా ఉంటే రెక్క అంచు అంత స్పష్టంగా ఉంటుంది. రెండు చీలికలు పెడితే ఏమవుతుందో మీరే చూసి చెప్పండి. సంతలో అమ్మే లేసర్ దీపాలను మాత్రం కంటివైపు తిప్పకండి, మీ కంటివైపైనా, ఇతరుల కంటివైపైనా.